కొత్త రూపం వచ్చిన ప్లేయర్: ఉంచుకోవాలా, వెనక్కి వెళ్లాలా, వేరేది చూసుకోవాలా?

ఏళ్ల తరబడి వాడుతున్న మీడియా ప్లేయర్ ఒక రాత్రి అప్‌డేట్ అయి, తెల్లారేసరికి గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఈ మధ్య దక్షిణ ఒడిశాలో మన రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు చాలామంది ఫోన్లలో ఉన్న ఒక ప్లేయర్‌కి ఇదే జరిగింది. దాని పేరు ఇక్కడ చెప్పను. రేపు మీరు వాడే ప్లేయర్ మారినా ఇదే గోల, ఇవే ప్రశ్నలు. కొత్తదానికే అలవాటు పడాలా, పాత వెర్షన్ వేసుకోవాలా, వేరే ప్లేయర్‌కి మారిపోవాలా అన్నది తేల్చుకోవాలి.

మన దగ్గర ఇది తేలిగ్గా తీసేసే విషయం కాదు. గుణుపురం దారిలోనో కోరాపుట్ ఘాట్‌లోనో సిగ్నల్ ఎక్కడ పోతుందో ఎవరికీ తెలీదు. కోరాపుట్ నుంచి రాయగడ వచ్చే రైలెక్కితే సొరంగం మీద సొరంగం. అందుకే మనవాళ్ల పాటలు ఇప్పటికీ మెమరీ కార్డులోనే ఉంటాయి. ఘంటసాల పాటలు, హరికథలు, కొత్త సినిమా పాటలు, వాటి పక్కనే జగన్నాథుడి ఒడియా భజనలు, మేనకోడలి పెళ్లి వీడియో. ఒకే కార్డులో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు. పట్నంలో కూర్చుని ప్లేయర్‌ని తీర్చిదిద్దేవాళ్ల కళ్ల ముందు ఇలాంటి కార్డు ఉండదు.

మొదటి వారం గోలలో ఏది వినాలి

"ఏటిది బాబూ, పాటలన్నీ ఏటయిపోనాయి?" ఫోన్లు బాగుచేసే కొట్ల దగ్గర ఎక్కువగా వినిపించిన మాట ఇదే. ఎక్కువసార్లు ఇందులో కొత్త రూపం తప్పేమీ ఉండదు. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి యాప్‌లు మన ఫైళ్లను చూసే పద్ధతి మారిపోయింది. కొత్త వెర్షన్ మొదటిసారి తెరిచినప్పుడు అనుమతి అడుగుతుంది. ఏదో ప్రకటన అనుకుని మనం వద్దని కొట్టేస్తాం. ఇక ప్లేయర్‌కి కార్డులో ఏమీ కనపడదు. ఫోన్‌తో పాటు వచ్చే ఫైల్స్ యాప్ తెరిచి చూడండి. పాటలు అక్కడ కనిపిస్తే అవి ఎక్కడికీ పోలేదన్నమాట. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్లి, ఆ ప్లేయర్ పేరు నొక్కి, పర్మిషన్లలో అనుమతి ఇస్తే సరిపోతుంది. ఇంత చిన్నదానికి పాత వెర్షన్ కోసం వెతుకులాట మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు. ఇంకా నయం, ఫోన్ ఫార్మాట్ చేయించలేదు.

స్క్రీన్ ఆపగానే పాట ఆగిపోతోందన్న ఫిర్యాదు కూడా ఈ కోవలోదే. బ్యాటరీ మిగల్చడానికి ఫోనే వెనక నడిచే యాప్‌ని చంపేస్తుంది. ఆ యాప్ బ్యాటరీ సెట్టింగ్‌లో ఆంక్ష తీసేసి చూశాకే ప్లేయర్‌ని తిట్టాలి.

రంగు బాలేదు, అక్షరాలు మరీ పెద్దవైపోయాయి, ఐకాన్ అసహ్యంగా ఉంది అనే మాటల్ని నేను లెక్కలోకి తీసుకోను. కొన్నాళ్లు పోతే అన్నవాళ్లకే గుర్తుండవు. బటన్ల చోటు మారడం దీనికన్నా కొంచెం పెద్ద సంగతి. వంటింట్లో ఉప్పు డబ్బా చోటు మార్చినట్టు, చెయ్యి పాత చోటికే పోతూ ఉంటుంది. కుర్రాళ్లు నాలుగు రోజుల్లో సర్దుకుంటారు. కళ్లజోడు లేకుండా, బటన్ ఎక్కడుందో గుర్తు మీద ఫోన్ వాడే తాతగారు సర్దుకోలేరు. ఆయన దృష్టిలో చోటు మారిన బటన్ లేని బటన్‌తో సమానం.

అసలు చెవి పెట్టాల్సింది ఇంకో రకం ఫిర్యాదుకి. నిన్నటి దాకా ఉన్న పని ఇవాళ లేదు అనేదానికి. ఇది కాలం గడిచినా చల్లారదు. సోనోస్ అనే స్పీకర్ల కంపెనీ 2024 మేలో తన యాప్‌ని మొత్తంగా మార్చి వదిలింది. అలారాలు లేవు, స్లీప్ టైమర్ లేదు, పాటల వరస మార్చుకునే వీలు సరిగా లేదు. మొదటి రోజు నుంచే వాడకందార్లు మొత్తుకున్నారు. జూలైలో కంపెనీ అధిపతి క్షమాపణ చెప్పారు. పోయినవాటిని ఒక్కొక్కటిగా తిరిగి చేర్చడానికి నెలలు పట్టింది. 2025 జనవరిలో ఆ అధిపతే కుర్చీ దిగిపోయారు. అక్కడ జనం అలిగింది ముఖ్యంగా రంగుల మీద కాదు, పోయిన పనుల మీద.

ఇంకా పాత కథ కావాలంటే విన్‌యాంప్ అనే కంప్యూటర్ ప్లేయర్ ఉంది. కంప్యూటర్ సెంటర్లలో పాటలు విన్న తరానికి ఆ పేరు తెలుసు. 1997లో మొదలై, రెండో వెర్షన్‌తో ఇంటింటికీ పాకింది. 2002లో మూడో వెర్షన్‌ని కొత్తగా కట్టి వదిలారు. బరువుగా, నెమ్మదిగా నడిచింది, పాత స్కిన్లు (ప్లేయర్ రూపం మార్చే తొడుగులు) దానిలో పనిచేయలేదు. జనం రెండో వెర్షన్ దగ్గరే కూర్చున్నారు. చివరికి 2003లో రెండింటి మంచీ కలిపి కొత్తది తెచ్చి, రెండూ మూడూ ఐదు అంటూ దానికి ఐదో వెర్షన్ అని పేరు పెట్టారు. నాలుగు అసలు రానే లేదు.

కాబట్టి ప్లే స్టోర్లో రివ్యూలు చదివేటప్పుడు కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, మూడు నక్షత్రాలవి చూడండి. ఒక్క నక్షత్రం ఇచ్చినవాడు కోపంలో ఉంటాడు, ఐదు ఇచ్చినవాడు ఇంకా వాడి ఉండడు. మూడు ఇచ్చినవాడే ఏది పోయిందో పేరు పెట్టి రాస్తాడు.

పరీక్ష మీ కార్డుతోనే

ఎవరో చేసిన వీడియో చూసి ప్లేయర్‌ని ఎంచుకోవద్దు. మీ కార్డులో ఉన్నవాటిలోంచే కొన్నింటిని తీసి పరీక్ష పెట్టండి.

రెండు గంటల హరికథ ఒకటి పెట్టండి. మధ్యలో ఆపి, ఫోన్ ఆఫ్ చేసి, మళ్లీ తెరిస్తే ఆపిన చోటు నుంచే మొదలవుతోందా? పది సెకన్లు వెనక్కి వెళ్లే బటన్ తెర మీదే ఉందా, మూడు చుక్కల వెనక దాక్కుందా? పెద్దవాళ్ల ఫోన్‌కి ఈ ఒక్క పరీక్ష చాలు. ఇందులో తప్పిన ప్లేయర్ ఇంకెంత అందంగా ఉన్నా వాళ్లకి అక్కర్లేదు.

తర్వాత పేర్ల సంగతి. కొత్త డిజైన్లన్నీ ఫోల్డర్లని వెనక్కి నెట్టి, ఆర్టిస్టు, ఆల్బమ్ అంటూ వరసలు కట్టి చూపిస్తాయి. పాట ఫైల్ లోపల ఆ వివరాలు సరిగా రాసి ఉంటేనే అది పనికొస్తుంది. మన కార్డుల్లో పాటల లోపల ఉండేది ఎక్కువగా పాటని ఎక్కించిన వెబ్‌సైట్ పేరు. లేదంటే ఎప్పుడో యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ వరస అంకెలిచ్చే ఉమ్మడి పద్ధతి) కాని పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసినవి, ఇప్పుడు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపులా కనిపిస్తాయి. దాంతో ఘంటసాల పాటలన్నీ 'తెలియని ఆర్టిస్టు' కిందికి చేరిపోతాయి. పైగా యూనికోడ్ వరసలో ఒడియా ముందు, తెలుగు తర్వాత. ఆ వరసనే పాటించే ప్లేయర్లో ఇంగ్లీషు పేర్లు, ఒడియా భజనలు అన్నీ దాటాక గానీ తెలుగు పాటలు రావు. అందుకే ఫోల్డర్ల వారీగా చూపించే వీలు ఎక్కడుంది, దాన్నే మొదటి పేజీగా పెట్టుకోవచ్చా అన్నది ముందు చూడండి. నా వరకు ఇది లేని ప్లేయర్‌కి పోటీలో చోటే లేదు.

తెలుగు, ఒడియా రెండు ఆడియోలు ఉన్న వీడియో ఒకటి, తెలుగు సబ్‌టైటిల్ ఫైల్ ఉన్నది ఒకటి వేసి చూడండి. సబ్‌టైటిల్ స్థానంలో డబ్బాలో పిచ్చి గుర్తులో వస్తే అది ఎక్కువగా ఎన్‌కోడింగ్ (అక్షరాలని ఫైల్లో దాచే పద్ధతి) గొడవ. సెట్టింగ్‌లో యూటీఎఫ్-8 అనే పద్ధతి పెడితే చాలాసార్లు కుదురుతుంది.

ఫోన్ భాష తెలుగులో పెట్టుకున్నవాళ్లకి ఇంకో చిక్కు. రూపం మారినప్పుడు కొత్త మాటలు చేరతాయి. వాటి అనువాదం వచ్చేదాకా సగం తెలుగు, సగం ఇంగ్లీషు కనిపిస్తుంది. తెలుగు మాట పొడుగైతే బటన్‌లో పట్టక మధ్యలో తెగుతుంది. చిన్న విషయమే గానీ, పెద్దవాళ్లు కంగారు పడేది ఇక్కడే.

పాత వెర్షన్ వేసుకోవచ్చా

వేసుకోవచ్చు, కానీ చూసుకుని. ఆండ్రాయిడ్‌లో కొత్త వెర్షన్ మీద పాతది ఎక్కదు. ముందు ఉన్నదాన్ని తీసేయాలి. తీసేస్తే పాటలు పోవు, కానీ యాప్ లోపల మీరు చేసుకున్న ప్లేలిస్టులు, ఎక్కడిదాకా విన్నారో ఆ గుర్తులు పోతాయి. పాత ఫైల్ ఎక్కడి నుంచి తెస్తున్నారన్నది ఇంకా ముఖ్యం. వీఎల్‌సీ ప్లేయర్ లాంటి ఓపెన్ సోర్స్ (లోపలి కోడ్ అందరికీ బయటపెట్టిన) యాప్‌లకి, అలాంటివే ఇచ్చే ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్లో వెనకటి వెర్షన్లు కొన్ని దొరుకుతాయి. మిగతావాటికి ఊరూపేరూ లేని వెబ్‌సైట్లు, స్నేహితుడు షేర్ చేసిన ఫైళ్లే గతి. వాటిని నేను వద్దంటాను. వేసుకున్నాక ప్లే స్టోర్లో ఆ యాప్ పేజీ తెరిచి, మూడు చుక్కల్లో ఆటో అప్‌డేట్ టిక్ తీసేయకపోతే మళ్లీ కొత్తదే వచ్చి కూర్చుంటుంది.

ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఫైళ్లు తెరిచే యాప్‌కి భద్రతా లోపాలు సరిచేసే అప్‌డేట్లు అవసరం. మెమరీ కార్డు నలుగురి చేతుల్లో తిరిగే మన ఊళ్లలో ఇంకా అవసరం. అందుకని పోయిన పని తిరిగి వచ్చేదాకా కొన్ని నెలలు పాత వెర్షన్ సరే. ఏళ్ల తరబడి దాన్నే పట్టుకుని ఉండిపోవడం మాత్రం తెలివైన పని కాదు.

వేరేదానికి మారితే

వీఎల్‌సీ గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమందికి నేను చెప్పేది అదే. 1996లో పారిస్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై, 2001లో ఓపెన్ సోర్స్ అయింది. లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. ప్రకటనలు లేవు. రకరకాల ఆడియో, వీడియో ఫైళ్లని విప్పే కోడెక్‌లు లోపలే ఉంటాయి కాబట్టి, బొమ్మ వచ్చి మాట రాని సినిమా ఫైళ్లు చాలావరకు దీనిలో మాట్లాడతాయి. ఆండ్రాయిడ్‌లో కింద వరసగా వీడియో, ఆడియో, బ్రౌజ్, ప్లేలిస్టులు ఉంటాయి. బ్రౌజ్ అంటే మన ఫోల్డర్లే. శబ్దం మామూలు కన్నా రెండింతలు పెంచే వీలుంది. పాత రికార్డింగ్‌లకి బాగుంటుంది గానీ చిన్న ఫోన్ స్పీకర్ గరగరలాడుతుంది.

దీనిలో నాకు బాగా నచ్చినది భజన మండళ్లకి పనికొచ్చే ఒక సదుపాయం. పాట నడుస్తుండగా ఒక చోట మొదలు గుర్తు, ఇంకో చోట చివరి గుర్తు పెడితే ఆ ముక్కే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. వేగం కొంచెం తగ్గించుకుంటే గొంతు మారదు, మాటలు నిదానంగా వస్తాయి. చరణం చివర గమకం పట్టు దొరకనివాళ్లు, ఒడియా భజనని తెలుగు అక్షరాల్లో రాసుకునేవాళ్లు పాటని పదిసార్లు వెనక్కి జరుపుకోనక్కర్లేదు. ఎప్పుడు రూపం మార్చినా ఇలాంటి సదుపాయాలే మెనూల అడుగుకి వెళ్లిపోతుంటాయి.

దీనికీ లోట్లున్నాయి. ఆడియో వైపు అందం అంతంతమాత్రం, సెట్టింగ్‌లు అడవిలా ఉంటాయి. ఒక హెచ్చరిక కూడా. 2022లో కొన్ని నెలల పాటు వీఎల్‌సీ వెబ్‌సైట్ మన దేశంలో తెరుచుకోలేదు. ఆ ఏడాది నవంబరులో ఆ అడ్డు తీసేశారు. అసలు సైట్ తెరుచుకోని రోజుల్లో జనం వెతుక్కుంటూ ఏ సైట్ దొరికితే అక్కడ దింపుకోవడం సహజం. అలా దింపుకున్న ఫైల్ మీ కంప్యూటర్లో ఇంకా ఉంటే తీసేసి, అసలు సైట్ నుంచి వేసుకోండి.

ఎంఎక్స్ ప్లేయర్ వేళ్లకి సుఖం. ఎడమ అంచున పైకి కిందికి జరిపితే వెలుతురు, కుడి అంచున శబ్దం, రెండు వేళ్లతో బొమ్మ పెద్దది. వీడియో ఆగి ఆగి నడిస్తే పైన హెచ్‌డబ్ల్యూ, ఎస్‌డబ్ల్యూ అన్న గుర్తు నొక్కి డీకోడర్ (వీడియోని విప్పే పద్ధతి) మార్చి చూడొచ్చు. పిల్లల చేతికిస్తే తెరకి తాళం వేయొచ్చు. కానీ దాని దారి మారింది. 2018లో టైమ్స్ ఇంటర్నెట్ కొన్నది, 2019లో సీరియళ్లు, సినిమాలు చూపించే ఓటీటీ అయింది, 2024లో అమెజాన్ చేతికి వెళ్లి అమెజాన్ ఎంఎక్స్ ప్లేయర్ అయింది. నెట్ ఉండి, డబ్బింగ్ సీరియళ్లు ఉచితంగా చూడాలనుకునేవాళ్లకి మంచిదే. కార్డులో వీడియో చూడ్డానికే అయితే మధ్యలో ప్రకటనలు, ఆన్‌లైన్ సరుకు దాటుకుని రావాలి. కొన్ని రకాల ఆడియోకి విడిగా కోడెక్ వేసుకోవాల్సి రావడం దీనికి పాత జబ్బు.

పాటలు మాత్రమే వినేవాళ్లకి మ్యూజికోలెట్ చూపిస్తాను. వీడియో జోలికి పోదు. ఇంటర్నెట్ అనుమతే అడగదు, కాబట్టి ప్రకటనలు వచ్చే దారే లేదు. ఫోల్డర్ల వారీగా చూడొచ్చు. ఒకటికి మించి వరసలు పెట్టుకోవచ్చు: పొద్దున భక్తి పాటలు ఒక వరస, దారిలో సినిమా పాటలు ఇంకో వరస, ఒకటి వినేటప్పుడు రెండోది ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది. ఇయర్‌ఫోన్ బటన్ ఒకసారి నొక్కితే ఆగుతుంది, రెండుసార్లకి తర్వాతి పాట, మూడుసార్లకి వెనకటి పాట. ఫోన్ జేబులోంచి తీసే పనే ఉండదు. పాట లోపలి పేర్లని కూడా దీనిలోనే దిద్దుకోవచ్చు. ఖాళీగా ఉన్న ఒక ఆదివారం కూర్చుంటే ఆ 'తెలియని ఆర్టిస్టు' గుంపులోంచి ఘంటసాలని బయటికి తీయొచ్చు.

ఎంపీవీ అనే ఇంకో ప్లేయర్ సంగతి ఒక్క ముక్కలో. తెర మీద దాదాపు ఏమీ ఉండదు, బొమ్మ చక్కగా వస్తుంది, సెట్టింగ్ ఫైళ్లు రాసుకునే ఓపిక ఉన్నవాళ్లకే.

అంటే, ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో హరికథలకీ పాటలకీ మ్యూజికోలెట్, వీడియోలకి వీఎల్‌సీ. రెండు యాప్‌లెందుకని అడుగుతారు. రెండింటినీ ఎవరూ ఒకేసారి మార్చరు కాబట్టి. కుర్రాళ్లు ఏదైనా వాడుకోవచ్చు, వాళ్లకి ఎవరి సలహా కావాలి కనక.

కంప్యూటర్లో, బీటాలో

కంప్యూటర్లో వీఎల్‌సీకి కూడా పెద్ద మార్పు తయారవుతోంది. 2018లో వచ్చిన మూడో వెర్షన్‌నే ఇప్పటికీ జనం వాడుతున్నారు. నాలుగో వెర్షన్‌కి కొత్త రూపం 2021లోనే వస్తుందన్నారు, ఇంకా పరీక్షల దశలోనే ఉంది. పైన వీడియో, మ్యూజిక్ అంటూ విభాగాలు, పోస్టర్లలా కనిపించే లైబ్రరీ. చూడ్డానికి బాగుంటుంది. ఎడిటింగ్ చేసే పెళ్లి వీడియో కొట్లవాళ్లు మాత్రం తొందరపడొద్దు. కెమెరా నుంచి వచ్చిన క్లిప్ గబుక్కున తెరిచి చూసి మూసేసే పనికి పాత చిన్న కిటికీయే హాయి. చూడాలని సరదా ఉంటే రోజువారీ పరీక్ష వెర్షన్లు జిప్ ఫైల్‌గా దొరుకుతాయి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడుస్తాయి. సెట్టింగ్‌లు దాచుకునే చోటు మామూలుగా రెండింటికీ ఒకటే అని మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఫోన్లో బీటా (అందరికీ రాకముందు వదిలే పరీక్ష వెర్షన్) అంటే వేరు. ప్లే స్టోర్ పేజీలో కిందికి వెళ్తే కొన్ని యాప్‌లకి బీటాలో చేరే బటన్ ఉంటుంది. చేరితే మార్పులు ముందు మీకే వస్తాయి, లోపాలు కూడా. అక్కడ మీరు రాసే అభిప్రాయం బయటికి కనపడదు, యాప్ చేసినవాళ్లకే చేరుతుంది. అసలు వెర్షన్ కూడా అందరికీ ఒకేసారి రాదు, కొంత శాతం ఫోన్లకి వదిలి చూసి, తర్వాత పెంచుతారు. మీ తమ్ముడి ఫోన్లో పాత రూపం, మీ ఫోన్లో కొత్తది కనిపించడానికి కారణం అదే. మీ మాటకి ఎక్కువ విలువ ఉండేది ఆ మొదటి రోజుల్లోనే. రోజూ వాడే ఫోన్‌ని బీటాలో పెట్టకుండా, పక్కన పడేసిన పాత ఫోన్ ఉంటే దానిలో చేరండి. బయటికి రావాలంటే బీటా వదిలేసి, యాప్ తీసేసి, మళ్లీ వేసుకోవాలి.

రాసేటప్పుడు "చెత్తగా ఉంది, పాతది ఇవ్వండి" అంటే ఎవరూ చదవరు. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, ప్లేయర్ వెర్షన్ రాయండి. మీరేం నొక్కారు, ఏం జరగాలి, ఏం జరిగింది రాయండి. "మెమరీ కార్డులో ఒడియా, తెలుగు పేర్లున్న ఫోల్డర్లు ఉన్నాయి, వెనకటి వెర్షన్లో ఫోల్డర్ల పేజీతోనే తెరుచుకునేది, ఇప్పుడు మూడుసార్లు నొక్కితే గానీ రావట్లేదు" అని ఉంటే చాలు. తెలుగులో రాసినా ఫర్వాలేదు, ఇంగ్లీషు వచ్చిన పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లచేత రాయించండి. స్క్రీన్‌షాట్ జతచేస్తే మాత్రం పైన కనిపించే నోటిఫికేషన్లలో మీ బ్యాంకు మెసేజ్ లేకుండా చూసుకోండి.